గోడమీది బోర్డు చెప్పని కారణాలు

హైస్కూలు సైన్సు ల్యాబులోకి అడుగుపెడితే గోడమీద ఒక బోర్డు కనిపిస్తుంది. పరుగెత్తరాదు, రుచి చూడరాదు, నేరుగా వాసన పీల్చరాదు, ఉపాధ్యాయుని అనుమతి లేనిదే ఏదీ ముట్టరాదు. పిల్లలు వాటిని రికార్డు మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలతో ఎక్కించి, కింద స్కేలుతో గీత గీసి, మాస్టారి సంతకం పెట్టించుకుంటారు. ఆ తర్వాత ఆ పేజీ ఎవరూ తిప్పరు. తప్పు పిల్లలది కాదు. ఏం చేయకూడదో బోర్డు చెబుతుంది, ఎందుకు చేయకూడదో చెప్పదు. కారణం తెలియకుండా కంఠస్థం చేసిన నియమం మాస్టారు గదిలో ఉన్నంతసేపే ఉంటుంది.

నిజానికి ఆ బోర్డులోని ప్రతి వాక్యం వెనకా ఒక పాఠం ఉంది. సాంద్రత, మరిగే ఉష్ణోగ్రత, ఆవిరవడం, ఆమ్లాలు, క్షారాలు, దహనం - ఇవన్నీ ఎనిమిది నుంచి పదో తరగతి వరకు పుస్తకాల్లో చదివేవే. భద్రతను విడి ఉపన్యాసంగా కాక, ఆ పాఠాల్లోనే ఒక భాగంగా చెప్పాలని నా అభిప్రాయం. అలా చెప్పిన చోట పిల్లలు నియమాన్ని తమంతట తామే ఊహించగలుగుతారు.

మొట్టమొదట గాఢ సల్ఫ్యూరికామ్లం సంగతే చూద్దాం.

ఆమ్లాన్ని నీటిలోకే ఎందుకు?

"ఆమ్లాన్ని నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో పోయరాదు." పరీక్షల్లో ఎన్నోసార్లు అడిగిన ప్రశ్న ఇది. జవాబుగా "ఎక్కువ వేడి పుడుతుంది కాబట్టి" అని రాస్తే మార్కు పడుతుంది. కానీ ఆ జవాబు సగమే. ఎటు నుంచి ఎటు పోసినా, చివరికి తయారయ్యే ద్రావణం ఒకటే అయితే పుట్టే మొత్తం వేడి కూడా ఒకటే. మరి తేడా ఎక్కడుంది?

బజారులో దొరికే గాఢ సల్ఫ్యూరికామ్లం దాదాపు 98 శాతం ఆమ్లం. దాని సాంద్రత 1.84. అంటే నీటికన్నా దాదాపు రెట్టింపు బరువు. అది మరగాలంటే 330 డిగ్రీల సెల్సియస్ దాటాలి. నీరు మరగడానికి 100 డిగ్రీలు చాలు. ఇప్పుడు ఆమ్లం ఉన్న బీకరులో ఒక చెంచాడు నీళ్ళు పోశామనుకోండి. నీరు తేలిక కాబట్టి అడుక్కి దిగదు, పైనే తేలుతుంది. ఆమ్లమూ నీరూ కలిసే ఆ పలుచని పొర దగ్గరే వేడంతా పుడుతుంది. ఆ వేడిని పంచుకోవడానికి అక్కడున్నది ఆ కాసిని నీళ్ళే. అవి క్షణంలో మరిగి ఆవిరై ఎగసిపడతాయి, ఎగసేటప్పుడు ఆమ్లపు బిందువుల్ని వెంట తీసుకుపోతాయి. కాగే నూనె మూకుట్లో నీటిచుక్క పడితే ఏమవుతుందో వంటింట్లో అందరం చూసిందే. ఇక్కడ చిట్లేది చర్మాన్ని బొగ్గు చేసే ద్రవం.

తిరగేసి చేస్తే, నీటి బీకరులోకి గాజు కడ్డీ వెంట సన్నటి ధారగా దిగిన ఆమ్లం బరువు వల్ల కిందికి జారుతూ కలుస్తుంది. చుట్టూ నీరు పుష్కలంగా ఉంటుంది. నీటికి వేడిని దాచుకునే శక్తి చాలా ఎక్కువ, కనుక ఉష్ణోగ్రత మెల్లగా పెరుగుతుంది. అంతమాత్రాన నిశ్చింత లేదు. ఒక పాలు ఆమ్లాన్ని ఐదు పాళ్ళ నీటిలో గబగబా పోసేస్తే బీకరు చేత్తో పట్టుకోలేనంత వేడెక్కుతుంది. మన వేసవిలో ట్యాంకు నీళ్ళు ముందే వెచ్చగా ఉంటాయి. అందుకే బీకరును చన్నీళ్ళ తొట్టిలో నిలబెట్టి, కడ్డీతో కలుపుతూ, మధ్యమధ్య ఆగుతూ పోయాలి. ఈ పని ల్యాబు అసిస్టెంటో మాస్టారో చేయాలి తప్ప పిల్లలచేత చేయించకూడదు.

సాంద్రత, విశిష్టోష్ణం, మరిగే ఉష్ణోగ్రత - మూడు పాఠాలు ఒక్క నియమంలో ఉన్నాయి. ఇంత చెప్పాక, ఆ తరగతిలో ఏ పిల్లా ఏ పిల్లాడూ పోసే వరుసను తప్పుగా గుర్తుపెట్టుకోరు.

కళ్ళు

రసాయనశాస్త్ర చరిత్రలో కళ్ళు పోగొట్టుకున్నవారి జాబితా చిన్నది కాదు. ఫ్రాన్సులో పియర్ డ్యూలాంగ్ 1811లో నైట్రోజన్ ట్రైక్లోరైడ్ అనే నూనెలాంటి పేలుడు పదార్థాన్ని కనిపెట్టాడు. దానికి ఆయన చెల్లించిన మూల్యం ఒక కన్ను, చేతి వేళ్ళు. మరుసటి ఏడాది లండన్‌లో హంఫ్రీ డేవీ అదే పదార్థంతో పనిచేస్తుండగా అది పేలి కళ్ళకు గాయమైంది. కొన్నాళ్ళు రాయలేని స్థితిలో ఉన్న డేవీకి రాతపని చేసిపెట్టడానికి వచ్చిన కుర్రాడు బుక్ బైండింగు నేర్చుకున్న మైకేల్ ఫారడే. 1813 మార్చిలో ఫారడే రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉద్యోగిగా చేరాడు. చేరిన కొద్ది వారాలకే అదే పదార్థం ఆయన వేళ్ళ మధ్య పేలింది. చేతికి దెబ్బ తగిలింది, ముఖం మాత్రం దక్కింది, ఎందుకంటే అప్పటికి గురుశిష్యులిద్దరూ గాజు ముసుగు తొడుక్కుని పనిచేయడం నేర్చారు. విద్యుచ్ఛక్తికి పునాది వేసిన ఫారడే చూపు నిలబడటంలో ఆ గాజు ముక్క పాత్ర ఉంది. బర్నరు ద్వారా మన పిల్లలందరికీ పేరు తెలిసిన రాబర్ట్ బున్సెన్ కూడా ఆర్సెనిక్ సమ్మేళనం ఒకటి పేలి కుడికంటి చూపు పోగొట్టుకున్నాడు.

వీళ్ళు చేసినవి కొత్త పదార్థాలు, ఏం జరుగుతుందో ఎవరికీ తెలియని ప్రయోగాలు. బడిలో అలాంటివేవీ ఉండవు. బడి ల్యాబులో కంటికి నిజమైన శత్రువు ఎవరూ అనుమానించని సీసా: సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా.

ఆమ్లమంటే పిల్లలకి సహజంగానే భయం. పేరు వింటేనే దూరం జరుగుతారు. క్షారం అనగానే సబ్బు గుర్తొచ్చి తేలిగ్గా తీసుకుంటారు. శరీరం లెక్క వేరు. ఆమ్లం తగిలినచోట కణజాలంలోని ప్రోటీన్లు గడ్డకడతాయి. ఆ గట్టిపడిన పొర ఆమ్లం మరీ లోపలికి పోకుండా కొంతవరకు అడ్డుపడుతుంది. పైగా వెంటనే మండుతుంది కాబట్టి మనిషి కొళాయి దగ్గరికి పరుగెత్తుతాడు. క్షారం అలా కాదు. కొవ్వులను సబ్బుగా మార్చి, ప్రోటీన్లను కరిగించుకుంటూ లోలోపలికి దిగుతుంది. చేతికి తగిలితే మొదట నొప్పే తెలియదు, జారుడుగా అనిపిస్తుంది. ఆ జారుడులో కొంత మన చర్మపు కొవ్వే సబ్బు కావడం. అదే కంట్లో పడితే కార్నియా పైపొర దాటి లోపలికి చేరడానికి నిమిషాలు చాలు. తాంబూలంలో వేసుకునే సున్నం కూడా క్షారమే. ఆ సున్నం ప్యాకెట్టుతో ఆడుకుంటూ నొక్కితే అది చిట్లి కంట్లో పడి, పిల్లల చూపు దెబ్బతిన్న సంఘటనలను మన దేశపు కంటి వైద్యులు నమోదు చేశారు.

ఇంకో సంగతి. టైట్రేషన్ చేసేటప్పుడు బ్యూరెట్టును స్టాండుకి బిగించాక దాని నోరు పదో తరగతి పిల్లల తలకన్నా ఎత్తులో ఉంటుంది. బల్లమీద ముందుకు వంగి, చెయ్యెత్తి, తలపైనున్న గరాటులో క్షారం పోస్తుంటారు. పొంగితే నేరుగా ముఖం మీదికే. క్లాంపు వదులు చేసి బ్యూరెట్టును కిందికి దించి, నోరు గడ్డం కన్నా తక్కువ ఎత్తులోకి తెచ్చి పోయాలి. అర నిమిషం పని. ఏ బడిలోనైనా ఈ ఒక్క అలవాటు నేర్పుతున్నారా అని చూస్తే ఆ ల్యాబు ఎలా నడుస్తోందో నాకు తెలిసిపోతుంది.

ఎన్ని చేసినా కళ్ళజోడుకు ప్రత్యామ్నాయం లేదు. ప్రయోగం పూర్తయినవాళ్ళు కూడా గదిలో ఉన్నంతసేపూ తీయకూడదు. మన పని అయిపోయినా పక్కవాడి పరీక్షనాళిక ఇంకా మంటమీదే ఉంటుంది.

మండేది ద్రవం కాదు

గ్యాసు కనెక్షన్ లేని బడుల్లో బున్సెన్ బర్నరు బదులు స్పిరిట్ ల్యాంపు ఉంటుంది. చూడ్డానికి సాధువైన వస్తువు. కానీ దాన్ని కిరోసిన్ బుడ్డితో సమానంగా చూడటమే ముప్పు.

ఏ ద్రవమైనా ద్రవంగా మండదు, దాని ఆవిరి మండుతుంది. నిప్పు చూపిస్తే అంటుకునేంత ఆవిరి ద్రవం పైన పోగవ్వడానికి కావలసిన కనీస ఉష్ణోగ్రత ఒకటుంటుంది. కిరోసిన్‌కు అది 38 డిగ్రీలు లేదా అంతకు పైన. స్వచ్ఛమైన ఇథైల్ ఆల్కహాలుకు దాదాపు 13 డిగ్రీలే. అసిటోన్‌కు సున్నాకన్నా ఇరవై డిగ్రీలు తక్కువ. పగటిపూట మన తరగతి గది ఏ నెలలోనూ 13 డిగ్రీలకు దిగదు. అంటే మూత తీసిన స్పిరిట్ సీసా చుట్టూ మండటానికి సిద్ధంగా ఉన్న ఆవిరి ఎప్పుడూ ఉంటుంది.

అంతకన్నా సూక్ష్మమైన విషయం ల్యాంపు కడుపులోని ఖాళీ. ఆల్కహాలు ఆవిరి గాలిలో సుమారు 3 నుంచి 19 శాతం మధ్య ఉంటేనే మండుతుంది. తక్కువైతే చాలదు, ఎక్కువైతే ఆక్సిజన్ చాలదు. 20 డిగ్రీల దగ్గర మూసిన సీసాలో స్పిరిట్ పైన పోగయ్యే ఆవిరి దాదాపు 6 శాతం, 35 డిగ్రీల దగ్గర దాదాపు 13 శాతం. రెండూ సరిగ్గా ఆ హద్దుల మధ్యలోవే. అందుకే అడుగంటిన ల్యాంపును వెలిగించకూడదు. స్పిరిట్ ఎంత తక్కువుంటే పైన అంత పేలుడు మిశ్రమం ఉన్నట్టు. మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు, పావు వంతుకు తగ్గనివ్వకూడదు. ఆర్పి, గాజు చల్లారాకే నింపాలి. ఊది ఆర్పితే మంట వత్తి పక్క సందులోంచి లోపలికి పోవచ్చు, కనుక మూత పెట్టే ఆర్పాలి. ఒక ల్యాంపును వంచి ఇంకో ల్యాంపు వెలిగించడం పిల్లలు ఇష్టంగా చేసే పని. వంచగానే వత్తి పక్కనుంచి స్పిరిట్ కారి మండుతూ బల్లంతా పాకుతుంది. అగ్గిపుల్లతోనే వెలిగించాలి.

మండుతున్న మంట మీద స్పిరిట్ పోస్తే ఏమవుతుందో అమెరికా బడులు ఘోరంగా నేర్చుకున్నాయి. అక్కడ ఇంద్రధనుస్సు ప్రయోగమని ఒకటి ప్రచారంలో ఉండేది. వరుసగా పెట్టిన గిన్నెల్లో వేర్వేరు లవణాలు వేసి, మిథనాల్ పోసి అంటిస్తే ఒక్కోటి ఒక్కో రంగులో మండుతుంది. మంట తగ్గిందనుకుని టీచరు పెద్ద సీసాతో ఇంకాస్త మిథనాల్ పోస్తారు. మిథనాల్ మంట వెలుతురులో సరిగా కనిపించదు కాబట్టి ఆరిందో లేదో తెలియదు. మంట ధార వెంట పాకి సీసాలోకి దూరుతుంది, లోపలి ఆవిరి అంటుకుని సీసా నోట్లోంచి మంట ఎదురు బల్లమీది పిల్లల మీదికి చిమ్ముతుంది. 2006లో ఒహాయోలో ఇలా కాలిన ఒక విద్యార్థిని అనుభవాన్ని ఆ దేశపు కెమికల్ సేఫ్టీ బోర్డు 2013 డిసెంబరులో వీడియోగా విడుదల చేసి బడులను హెచ్చరించింది. మరుసటి నెలలోనే న్యూయార్క్ హైస్కూల్లో అదే ప్రయోగం, అదే ప్రమాదం. హెచ్చరిక ఉన్నంతమాత్రాన అది తరగతి గదికి చేరదు.

ఆ రంగులన్నీ చూడటానికి మిథనాలే అక్కర్లేదు. ప్లాటినం లేదా నైక్రోమ్ తీగ కొనను లవణంలో ముంచి బర్నరు మంటలో పెడితే సోడియం పసుపు, స్ట్రాన్షియం ఎరుపు, పొటాషియం లేత ఊదా, రాగి ఆకుపచ్చ అన్నీ కనిపిస్తాయి. మన రికార్డుల్లోని జ్వాలా పరీక్ష అదే. పాతపద్ధతి అని చిన్నచూపు అక్కర్లేదు.

బట్టల మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2008 డిసెంబరులో లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 23 ఏళ్ళ పరిశోధన సహాయకురాలు ఒకామె గాలి తగిలితే మండే రసాయనాన్ని సిరంజిలోకి తీసుకుంటుండగా అది బయటికొచ్చి ఒంటిమీద పడింది. ఆమె ల్యాబ్ కోటు వేసుకోలేదు. ఒంటిమీదున్నది సింథటిక్ స్వెట్టరు. పద్దెనిమిది రోజుల తర్వాత చనిపోయింది. నూలు బట్ట కాలి బూడిదవుతుంది, పాలిస్టరు కరిగి ఒంటికి అంటుకుంటుంది. మన ఆడపిల్లల యూనిఫాం చున్నీలు చాలావరకు పాలిస్టరువే. ల్యాబులో చున్నీ భుజాన వేలాడకూడదు. తీసి బయట తగిలించాలి, లేదంటే నూలు కోటు లోపలికి బిగించి కట్టుకోవాలి. రెండు జడలు పైకి మడిచి రిబ్బన్లు కట్టుకునే అలవాటు ఈ గదికి ఎంతో మంచిది, కాకపోతే ఆ నైలాన్ రిబ్బను కొసలు మాత్రం ముఖం ముందుకు వేలాడనివ్వకూడదు.

మే నెలలో తాళం వేసిన గది

భద్రత పాఠాలన్నీ గదిలో పిల్లలున్నప్పటి గురించే మాట్లాడతాయి. నాకు ఎక్కువ దిగులు గదిలో ఎవరూ లేని రోజుల గురించి.

రసాయన సీసాల మీద "చల్లని చోట నిల్వ చేయండి" అని అచ్చు వేసినవారి ఊహలోని గది 20 నుంచి 25 డిగ్రీలది. మన రెంటచింతలలో, రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. తలుపులు, కిటికీలు మూసిన రేకుల కప్పు గదిలో ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. అంటే ఆ బీరువాలో అది ఏ పొయ్యీ లేకుండానే మరిగే స్థితిలో ఉంటుంది. గాఢ అమోనియా, హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసాల్లో పీడనం పెరిగి, జూన్‌లో మూత తిప్పగానే ముఖం మీదికి చిమ్మవచ్చు. వాటిని ముందు చల్లార్చి, గుడ్డ కప్పి, ముఖం పక్కకు తిప్పుకుని తెరవాలి.

అన్నిటికన్నా ప్రమాదం తెల్ల భాస్వరం. ఇప్పుడు బడి ప్రయోగాల్లో దాని అవసరం లేదు, కానీ పాత బీరువాల్లో సీసాలు మిగిలి ఉండవచ్చు. దాన్ని నీటిలో ముంచి ఉంచుతారు, ఎందుకంటే గాలి తగిలితే 30 డిగ్రీలు దాటగానే తనంతట తానే అంటుకుంటుంది. 44 డిగ్రీలకు కరుగుతుంది. వదులు బిరడా ఉన్న సీసాలో రెండు నెలల సెలవులకు నీరు ఆవిరైపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. సోడియం కథా ఇలాంటిదే, కాకపోతే దాని కాపలాదారు కిరోసిన్. నీటిలో పడిన సోడియం పేలడానికి కారణం పుట్టిన హైడ్రోజన్ అంటుకోవడమేనని చాలాకాలం అనుకున్నారు. 2015లో పావెల్ యుంగ్‌విర్త్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం వేగవంతమైన కెమెరాతో చూసి, లోహం నీటిని తాకిన సెకనులో అతి చిన్న భాగంలోనే ఎలక్ట్రాన్లు నీటిలోకి దూకడం వల్ల, మిగిలిన ధనావేశాలు ఒకదాన్నొకటి తోసుకుని లోహం ముళ్ళుముళ్ళుగా చీలిపోతుందని చూపించింది. కనుక ముక్క బియ్యపు గింజ దాటకూడదు. సోడియం మంట మీద నీళ్ళు పోయకూడదు, పొడి ఇసుకే వేయాలి.

వేసవి సెలవులకు ముందు చివరి పనిదినాన ఈ సీసాలన్నీ తీసి చూసే బాధ్యత ఒకరి పేరు మీద ఉండాలి. అందరిదీ అని వదిలేస్తే ఎవరూ చూడరు.

చిన్నవనిపించేవి

ఆమ్లాలూ పేలుళ్ళూ అన్న మాటల మధ్య మనం మరిచిపోయేది గాజు. రబ్బరు బిరడాలోకి గాజు గొట్టాన్నో థర్మామీటరునో బలంగా నెట్టడం, అది విరిగి అరచేతిలో దిగడం - బడి ల్యాబుల్లో సర్వసాధారణంగా జరిగే గాయమిది. గొట్టానికి గ్లిజరిన్ గానీ సబ్బునీళ్ళు గానీ రాసి, చేతికి గుడ్డ చుట్టుకుని, బిరడాకు దగ్గరగా పట్టుకుని, తిప్పుతూ లోపలికి పంపాలి. వేడి గాజు చల్లటి గాజులాగే కనిపిస్తుంది. పట్టుకునే ముందు చేతి వెనక భాగాన్ని దగ్గరగా తెచ్చి వేడి తెలుసుకోవాలి. పరీక్షనాళికను మూడో వంతుకు మించి నింపకుండా, వాలుగా పట్టుకుని, మూతి ఎవరివైపూ లేకుండా కదిలిస్తూ వేడిచేయాలి. అడుగునొక్కటే వేడిచేస్తే అక్కడ పుట్టిన ఆవిరి పైనున్న ద్రవాన్నంతటినీ ఒక్క ఉదుటున బయటికి నెట్టేస్తుంది.

హైడ్రోజన్ గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఏ పాళ్ళలో ఉన్నా మండుతుంది. జింకు ముక్కల మీద ఆమ్లం పోసిన తొలి నిమిషాల్లో వచ్చేది గాలితో కలిసిన వాయువే. దాన్ని చిన్న పరీక్షనాళికలో పట్టి దూరంగా తీసుకెళ్ళి మంట చూపించాలి. కీచుమని గట్టిగా పేలితే ఇంకా గాలి ఉన్నట్టు. పరికరం దగ్గరికి మాత్రం మంట తేకూడదు.

నెమ్మదిగా హాని చేసేవి ఇంకొన్ని. పగిలిన థర్మామీటరులోని పాదరసం గదిలోని వేడికే ఆవిరవుతూ ఉంటుంది. చీపురుతో ఊడిస్తే చిన్నచిన్న పూసలుగా విడిపోయి మరింత ఆవిరవుతుంది. డ్రాపరుతో ఎత్తి నీళ్ళున్న మూత సీసాలో వేయాలి. ఎర్రరంగు ఆల్కహాలు థర్మామీటరు బడికి సరిపోతుంది. జీవశాస్త్రం బీరువాలోని ఫార్మలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించింది. నమూనాల సీసాలు తెరవకుండానే చూపించాలి. పిపెట్టుకు రబ్బరు బల్బు వాడాలి, నోటితో పీల్చడం నేర్పకూడదు.

జరిగిపోయాక

కంట్లో ఏది పడినా మొదటి మందు నీళ్ళే. రెప్పలు వేళ్ళతో విడదీసి, తలను ఆ కన్ను ఉన్నవైపు వంచి, కొళాయి నీటిని మెల్లగా కనీసం పావుగంట ఆపకుండా పోస్తూనే ఉండాలి. ఆమ్లం పడిందని క్షారం, క్షారం పడిందని నిమ్మరసం పోయకూడదు. ఆ చర్యలో పుట్టే వేడి ఇంకో గాయం. కాలినచోట ఇరవై నిమిషాలు చల్లటి కొళాయి నీరు పారాలి. టూత్‌పేస్టు, సిరా, కాఫీపొడి, ఐసు ఏవీ పెట్టొద్దు. ఇంతసేపు నీరు కావాలంటే ల్యాబులో పారే కొళాయి ఉండాలి. కొత్త పరికరాలకు నిధులొచ్చిన బడి ముందుగా చేయించాల్సింది ఆ కొళాయి. తర్వాత కొనాల్సినవి కళ్ళజోళ్ళు, ఇసుక బకెట్టు, నిప్పార్పే పరికరం. మైక్రోస్కోపు ఆ తర్వాతే.

నీళ్ళు పోస్తుండగానే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. పడిన రసాయనం పేరు, ఎంత గాఢమైనదో చెప్పాలి. సీసా లేబులును ఫోటో తీసి ఆసుపత్రికి వెంట తీసుకెళ్ళాలి. పేరు తెలిస్తే డాక్టరు వైద్యం వెంటనే మొదలవుతుంది. అందుకే ఉపాధ్యాయులకు నా విన్నపం: ఈ వారంలోనే మీ ల్యాబు బీరువా తెరవండి. లేబులు చెరిగిన సీసాలపై పేరు, గాఢత, తేదీ చెరగని సిరాతో మళ్ళీ రాయండి. ఏముందో ఎవరూ చెప్పలేని సీసాలను తెరిచి వాసన చూడకండి, సింకులో పారబోయకండి. వేరుగా తాళం వేసి, తీసుకెళ్ళి పారవేయించమని ప్రధానోపాధ్యాయుని ద్వారా పై అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయండి.